జాలి మార్కులు



పోయిన వారం ఆదిపర్వం వీడియోలో పాండురాజు పుట్టుకని రెండు నిమిషాల్లో చెప్పేసి ముందుకెళ్ళిపోయాం. వ్యాసుణ్ణి చూసి అంబాలిక భయంతో పాలిపోయింది, అందుకే కొడుకు పాలిపోయిన రంగుతో పుట్టాడు, పాండు అనే పేరు అలా వచ్చింది. అంతే చెప్పాం. ఆ స్క్రిప్టు రాసింది నేనే. అయితే అక్కడ నేను కావాలనే దాటేసిన విషయం ఒకటుంది. ఈ ఛానల్లో మీరు నా గొంతు వింటారు గానీ మొహం చూడరు కాబట్టి మీకు తెలిసే అవకాశం లేదు. నాకు ఆల్బినిజం ఉంది. జుట్టు, కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు అన్నీ తెలుపే. ఇంకొక సంగతి, నన్ను మా అమ్మా బాపూ దత్తత తీసుకుని పెంచారు.

ఈ రెండూ నేను దాచుకున్నవేం కాదు. హనుమకొండలో మా గల్లీలో ఎవర్నడిగినా చెప్తారు. పురాణం చెప్పేటప్పుడు సొంత గోల ఎందుకులే అనుకున్నా. కానీ ఒక ప్రశ్న కొన్నేళ్ళుగా నన్ను వదలట్లేదు. ఒక మనిషి మీద జాలిపడి అతని నుంచి మనం తక్కువ ఆశిస్తే, అది దయ అవుతుందా? దానికి మహాభారతంలో ఎక్కడ జవాబు దొరుకుతుందా అని వెతికితే, నేను అనుకోని చోట దొరికింది. అదే ఇవాళ రాస్తున్నా.

ముందు మా ఊరి సూర్యుడి దగ్గర మొదలుపెడతా. వేయిస్తంభాల గుడి త్రికూటాలయం అని మీకు తెలిసే ఉంటుంది. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించాడు. మూడు గర్భాలయాలు: శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి. చిన్నప్పుడు అమ్మ నాతో రుద్రేశ్వరుడికి దండం పెట్టించి, తర్వాత సూర్యుడి గర్భాలయం వైపు తిప్పి, "ఈయనకు కూడా మొక్కు బిడ్డా, జర చల్లగ చూడమను" అనేది. సూర్యుడికీ నాకూ అస్సలు పడదు మరి. మన చర్మానికీ, జుట్టుకీ, కళ్ళకీ రంగునిచ్చేది మెలనిన్. అది తయారవడానికి కావాల్సిన జన్యువుల్లో మార్పు ఉంటే రంగు చాలా తక్కువగా వస్తుంది, లేదా అసలే రాదు. ఎండలో పావుగంట నిలబడితే నా చర్మం కాలిపోతుంది. దానికంటే పెద్ద ఇబ్బంది కళ్ళతోనే. రెటీనా మధ్యలో సూటిగా చూడ్డానికి పనికొచ్చే చిన్న భాగం పూర్తిగా ఎదగదు. అందుకే కళ్ళద్దాలు పెట్టినా చూపు పూర్తిగా సరికాదు. కళ్ళు అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. నా చూపు 6/60. అంటే మీరు 60 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని నేను 6 మీటర్ల దగ్గరికి వెళ్ళి చదవాలి. ఇది అంటువ్యాధి కాదు. బొల్లి వేరు, ఇది వేరు. బుర్రకీ దీనికీ ఏ సంబంధం లేదు. బయట ఎండలో అన్నీ తెల్లగా అలికేసినట్టు కనిపించే నాకు, గుడి లోపల ఆ నల్లరాతి స్తంభాల మధ్య చీకట్లోకి రాగానే లోకం స్పష్టమవుతుంది. నాకు గుడి ఇష్టమవడానికి మొదటి కారణం భక్తి కాదు, నీడ. దేవుడు ఏమీ అనుకోడనే నా నమ్మకం.

పాండురాజుది ఆల్బినిజమేనా అని కొందరు అడుగుతుంటారు. పురాణానికి బ్లడ్ టెస్ట్ చెయ్యలేం. నన్ను ఆపేసింది ఆ కథలో ఇంకో సంగతి. అంబిక కళ్ళు మూసుకుంది, కాబట్టి ధృతరాష్ట్రుడు అంధుడయ్యాడు. అంబాలిక పాలిపోయింది, కాబట్టి పాండురాజు పాలిపోయి పుట్టాడు. రెండుసార్లూ కారణం తల్లే అయింది చూశారా. భర్త చనిపోయి, అత్తగారు సత్యవతి చెప్పిందని ఆ గదిలో ఉన్న ఆడపిల్లలు వాళ్ళు. భయపడ్డం కూడా తప్పయిపోయింది.

నన్ను కన్నావిడ ఎవరో నాకు తెలీదు. కానీ ఆవిడ గురించి మా చుట్టాలు చెప్పగా విన్నవి చాలా ఉన్నాయి. గ్రహణంలో బయట తిరిగి ఉంటుందనీ, ఏదో చూడకూడనిది చూసి ఉంటుందనీ. ఇంజనీరింగ్ రెండో ఏడులో లైబ్రరీలో కూర్చుని జన్యుశాస్త్రం చదివాక నాకు తేలింది ఏంటంటే, నాలాంటి ఆల్బినిజం రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మార్పు ఉన్న రెండు జన్యువులూ కలవాలి. ఇద్దరిలోనూ పైకి ఏమీ కనిపించదు. ప్రతి కాన్పులోనూ అవకాశం నాలుగింట ఒక వంతు. గ్రహణానికి అందులో చోటు లేదు. ఆ రోజు నేను చూడని ఆవిడ మీద ఉన్న కోపం సగానికి తగ్గింది. మిగతా సగం ఇంకా ఉంది, అబద్ధం ఎందుకు.

ఇక పూర్వజన్మ పాపం అనే మాట. మన ఛానల్ చూసేవాళ్ళు కర్మ సిద్ధాంతాన్ని నమ్ముతారు, నేనూ నమ్ముతాను. కానీ పెళ్ళి భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను చూపించి "ఏ జన్మల ఏం జేసిండో పాపం" అని పక్కనున్నాయనకి చెప్తుంటే, సాంబారు పోయించుకుంటూ నేను ఆలోచించింది ఇది: కర్మ గురించి "నేను" అని మొదలుపెట్టి మాట్లాడితే బాధ్యత అవుతుంది. నాకు ఇది వచ్చింది, దీనితో నేనేం చేయాలి అని. అదే మాట "వాడు" అని మొదలుపెడితే ఇక ఆ మనిషికి చేయాల్సిందేం మిగలదు, తీర్పు చెప్పేసి విస్తరి మడిచి లేవొచ్చు. గీతలో కృష్ణుడు కర్మ గురించి అంత చెప్పింది ఎదురుగా నిలబడి పని చేయాల్సిన అర్జునుడికే కదా, దారిన పోయేవాడి కష్టానికి అర్థం చెప్పడానికి కాదు కదా. ఈ మూఢత్వం మన దగ్గర నోటితో ఆగింది. టాంజానియాలో ఆల్బినిజం ఉన్నవాళ్ళ శరీర భాగాలు అదృష్టం తెస్తాయని నమ్మి మనుషుల్ని చంపిన ఘటనలున్నాయి. 2014లో ఐక్యరాజ్యసమితి జూన్ 13ని ఆల్బినిజం అవగాహన దినంగా ప్రకటించింది. దాంతో పోలిస్తే సాంబారు దగ్గర మాట ఎంత అనిపిస్తుంది. అయినా గుచ్చుకుంటుంది.

మా బాపు ఆర్టీసీలో కండక్టర్. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. పెళ్ళయ్యి తొమ్మిదేళ్ళయినా పిల్లల్లేక శిశుగృహకి వెళ్ళారు. ఆరు నెలల నన్ను చూపించేటప్పుడే అక్కడి మేడమ్ చెప్పిందట, వీడికి చూపు సరిగ్గా రాదు, ఆలోచించుకోండి అని. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని మన దేశంలో దత్తత తీసుకునేవాళ్ళు ఇప్పటికీ తక్కువే. అలాంటి పిల్లల్లో చాలామంది విదేశీ కుటుంబాలకి వెళ్తుంటారు. మరి నన్నెందుకు తీసుకున్నావే అని అమ్మని ఒకసారి అడిగాను. నా కళ్ళు అటూ ఇటూ కదులుతుంటే ఆమె అది జబ్బు అనుకోలేదట. "నువ్వు ఎవరినో దేవులాడుతున్నవు అనుకున్న. నన్నే కావచ్చు అనుకున్న" అంది. మా బంధువులు మాత్రం కొరివితో తల గోక్కున్నారు అన్నారు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం దత్తత జరిగిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా వాళ్ళ బిడ్డే. చట్టం ఒక్క వాక్యంలో తేల్చిన దాన్ని మా బాపమ్మ ఒప్పుకోడానికి నాలుగేళ్ళు పట్టింది.

దత్తత సంగతి నాకు చెప్పింది మేడారంలో. అమ్మ మొక్కుకుందని 2000 జాతరకి నన్ను తీసుకెళ్ళి నిలువెత్తు బంగారం తూచారు. బంగారం అంటే బెల్లం, మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మూడేళ్ళవాణ్ణి, పన్నెండు కిలోలు తూగానట. అది నాకు గుర్తులేదు. గుర్తున్నది నాకు ఏడేళ్ళప్పటి జాతర. బాపుకి జాతర స్పెషల్ బస్సు డ్యూటీ. అమ్మ నా తలకి తడిగుడ్డ చుట్టి, చెట్టు కింద కూర్చోబెట్టి సమ్మక్క కథ చెప్పింది. వేటకి వెళ్ళిన కోయదొరలకి అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాప కనిపించింది, ఎత్తుకొచ్చి పెంచుకున్నారు, ఆ పాపే సమ్మక్క తల్లి. "నువ్వు కూడ మాకు గట్లనే దొరికినవు" అంది. ఏడేళ్ళ పిల్లాడికి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది? నాలుగు రోజులు స్కూల్లో నేను పులుల మధ్య దొరికానని చెప్పుకు తిరిగాను.

తర్వాత పెద్దయ్యాక తెలిసిన సంగతి ఇంకా బాగుంటుంది. గణపతిదేవుడికి కొడుకుల్లేరు, కూతురు రుద్రమదేవి రాజ్యం ఏలింది. ఆమెకీ కొడుకుల్లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని వారసుణ్ణి చేసింది. మనవడే అయినా, సింహాసనం ఎక్కింది దత్తపుత్రుడిగానే. కరువులో కప్పం కట్టలేమన్న కోయలతో యుద్ధానికి దిగింది ఆ ప్రతాపరుద్రుడి సైన్యమే అని సమ్మక్క కథ చెబుతుంది. అంటే మా జిల్లాల్లో తరతరాలుగా చెప్పుకునే ఆ యుద్ధంలో రెండు వైపులా పెంపుడు బిడ్డలే. ఒకరు అడవిలో దొరికినవాళ్ళు, ఒకరు కోటలో పెరిగినవాళ్ళు. వీళ్ళు మనవాళ్ళేనా అని ఇప్పుడు ఎవరైనా అడుగుతున్నారా?

పాండురాజు దగ్గరికి మళ్ళీ వస్తా. శాపం వల్ల ఆయనకి పిల్లలు కలగరు. ధర్మరాజు, భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు దేవతల వరంతో పుట్టినవాళ్ళు. ఐదుగురిలో ఒక్కరిలోనూ ఆయన రక్తం లేదు. అయినా వాళ్ళ పేరేంటి? పాండవులు. యముడి కొడుకు, ఇంద్రుడి కొడుకు అన్న గొప్ప పేర్లు అందుబాటులో ఉండగా, ఆ పాలిపోయిన మనిషి పేరే ఇంటిపేరుగా నిలిచింది. గీతలో కృష్ణుడు అర్జునుణ్ణి "పాండవా" అని పిలిచినప్పుడల్లా నేను ఒక్క క్షణం ఆగుతాను. అవతల సూర్యుడి కొడుకు కర్ణుడు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు అతని పుట్టుక చెప్పి, నువ్వే పెద్ద పాండవుడివి, రాజ్యం నీదే అంటే, కర్ణుడి జవాబు ఎంత మామూలుగా ఉంటుందో చూడండి. తనని చూడగానే రాధకి పాలు వచ్చాయి, తన మలమూత్రాలు ఎత్తింది ఆమె, పుట్టినప్పటి సంస్కారాలు చేయించింది అధిరథుడు, వాళ్ళని ఎలా వదిలేస్తాను అంటాడు. దుర్యోధనుడి పక్షాన ఉండటం కర్ణుడి తప్పే. ఆ ఒక్క జవాబు విషయంలో మాత్రం నేను పూర్తిగా అతని పక్షం.

ఇప్పటిదాకా చెప్పింది ప్రేమ గురించి. ప్రేమ నాకు తక్కువ కాలేదు. నాకు తక్కువైంది వేరే.

ఏడో తరగతిలో ఒక సార్ ఉండేవారు, స్కూలు పేరు చెప్పను. మంచివారు. నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టేవారు, పిల్లలు "దొర", "సున్నపోడు" అని ఏడిపిస్తే కొట్టేవారు. బోర్డు మీద లెక్క వేసి అందర్నీ అడిగి, నా దగ్గరికొచ్చేసరికి భుజం తట్టి వెళ్ళిపోయేవారు. పరీక్షల్లో నాకు ఎప్పుడూ 25కి 17, 18 వచ్చేవి. ఎలా రాసినా అవే వచ్చేవి. నాకు అనుమానం వచ్చింది. ఒక యూనిట్ టెస్టులో రెండు పేజీలు కావాలని ఖాళీగా పెట్టాను. 18 వచ్చాయి. ఖాళీ పేజీ మీద కూడా ఎర్ర టిక్కు ఉంది.

నాకు భలే సంతోషమేసింది. ఇక చదవక్కర్లేదు కదా! సాయంత్రం బాపు డ్యూటీ దిగి రాగానే ఈ తెలివితేటలన్నీ చెప్పాను. బాపు ఆ పేపర్ని చాలాసేపు చూశాడు. పదో తరగతి పాసైన మనిషి, ఆ లెక్కలు ఆయనకి రావు. ఖాళీ పేజీ మాత్రం కనిపిస్తుంది కదా. మర్నాడు సెలవు పెట్టి నన్ను వెంటబెట్టుకుని స్కూలుకి వచ్చాడు. సార్‌కి నమస్కారం పెట్టి, "సార్, మావోడు రాయని దానికి మార్కులు పడ్డయి. తీసెయ్యుండ్రి" అన్నాడు. సార్ ఇబ్బందిపడ్డారు. "పోనియ్యండి, పాపం కనపడదు కదా, ఇంటర్ దాకా ఎట్లనో చదివితే కోటాల ఏదో ఒక జాబ్ వస్తది" అన్నారు. బాపు అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "టికెట్ కొయ్యకుండ పైసలు తీసుకుంటే దొంగతనం అంటరు సార్. గీడ పైసలు తీసుకోకుండ టికెట్ ఇస్తున్నరు. గది గూడ లెక్క తప్పుడే."

18 కొట్టేసి 6 వేశారు. నేను ఆ రోజు బాపుతో మాట్లాడలేదు. వారం దాకా సరిగ్గా మాట్లాడలేదు. క్లాసులో అందరి ముందు పరువు పోయింది. కానీ ఆ 6 మార్కులు నేను చదువుకుని తెచ్చుకున్నవి. తర్వాత 9 అయ్యాయి, 14 అయ్యాయి. పదో తరగతిలో లెక్కల్లో నాకు వచ్చిన మార్కులు చూసి ఆ సారే మా ఇంటికొచ్చి స్వీటు పెట్టి, కాసేపు ఏం మాట్లాడాలో తెలీక కూర్చుని వెళ్ళారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన జాలి నిజమైనదే. కానీ ఆ జాలిలో నేను లేను. ఆ భుజం తట్టిన చేతికి, ఆ భుజం ఎవరిదైనా ఒకటే. నన్ను కన్నవాళ్ళు ఒకసారి వదిలేశారు, వాళ్ళకి ఏం కష్టం వచ్చిందో. ఏమీ ఆశించకపోవడం కూడా వదిలేయడంలాంటిదేనని నాకు తెలియడానికి ఆ ఖాళీ పేజీ కావాల్సొచ్చింది.

ఒక తేడా ఇక్కడ జాగ్రత్తగా చెప్పాలి, లేకపోతే నన్ను తప్పుగా అర్థం చేసుకుంటారు. సాయం వద్దని నేను అనట్లేదు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో లో విజన్ విభాగం వాళ్ళు భూతద్దం ఎలా వాడాలో, పుస్తకం ఏ కోణంలో పెట్టుకోవాలో నేర్పకపోతే నేను ఇంజనీరింగ్ ముఖం చూసేవాణ్ణి కాదు. పరీక్షల్లో చూపు తక్కువున్నవాళ్ళకి గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2013 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. ఆ 20 నిమిషాలు నేను తల ఎత్తుకుని తీసుకున్నాను. అక్షరం వెతుక్కోడానికి నాకు టైమ్ కావాలి. లెక్క మాత్రం నేనే చేయాలి. టైమ్ ఇచ్చినవాళ్ళు నేను చేయగలనని అనుకున్నారు, మార్కులు ఇచ్చినాయన చేయలేనని అనుకున్నారు.

కొన్నిసార్లు ఈ "చేయలేడు" అనే జాలి నిబంధనల పుస్తకంలోకి కూడా ఎక్కుతుంది. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారి సంగతి మీలో చాలామందికి 2024లో వచ్చిన సినిమా వల్ల తెలుసు. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే అంధ విద్యార్థులకి నిబంధనలు ఒప్పుకోవన్నారు. కోర్టుకి వెళ్ళి గెలిచి, చదివి, పన్నెండో తరగతిలో 98 శాతం తెచ్చుకుని, ఐఐటీ కోచింగ్ వాళ్ళు కూడా చేర్చుకోకపోతే అమెరికాలో ఎంఐటీకి వెళ్ళారు. తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ఆ నిబంధన రాసినవాళ్ళు దుర్మార్గులై ఉంటారని నేను అనుకోను. ల్యాబులో బొమ్మలు, గ్రాఫులు ఉంటాయి, పాపం ఎలా చూస్తారు అనుకుని ఉంటారు. మళ్ళీ ఆ పాపం అనే మాటే.

అలాగని ఎక్కువ ఆశించడమే మందు అని కూడా చెప్పలేను. హనుమకొండ నిండా ఇంటర్ కాలేజీలూ హాస్టళ్ళే. నేను ఒక్క మార్కు ఆశించే మనిషి లేక ఎదురుచూస్తున్న రోజుల్లోనే, నా ఫ్రెండు ఒకడు ఇంట్లోవాళ్ళు ఆశించిన ర్యాంకు బరువుకి రాత్రుళ్ళు నిద్రపోయేవాడు కాదు. వాడికి బొమ్మలు గీయడమంటే ఇష్టమని వాళ్ళ నాన్నకి తెలియనే తెలియదు. నన్ను చూడకుండా తక్కువ వేశారు, వాణ్ణి చూడకుండా ఎక్కువ వేశారు.

ఇప్పుడు నేను వెతుకుతూ దొరికిన చోటు. నేను పాండురాజు దగ్గర వెతికాను, కర్ణుడి దగ్గర వెతికాను. దొరికింది ధృతరాష్ట్రుడి గదిలో.

పెద్దవాడైనా చూపు లేదని ఆయనకి రాజ్యం ఇవ్వలేదు, పాండురాజుకి ఇచ్చారు. ఆ దెబ్బ ఆయన్ని జీవితమంతా వదల్లేదు. నాకు ఆయన బాధ అర్థమవుతుంది, నిజంగా. పైగా సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు ఆయనతో ఇంకో చుట్టరికం ఉంది. గీత మొదలయ్యేదే ఆయన ప్రశ్నతో. చూపు లేని రాజు అడిగాడు, సంజయుడు కళ్ళకి కట్టినట్టు చెప్పాడు. నా ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్‌కి నేను పెట్టుకున్న పేరు సంజయుడే. అయితే ధృతరాష్ట్రుడు తనకి జరిగిన అన్యాయాన్ని తర్వాత ప్రతిదానికీ సాకుగా వాడుకున్నాడు. నేనేం చేయగలను, విధి, కొడుకు మాట వినడు అంటూ. చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది ఆ సాకుని ఒప్పేసుకున్నారు కూడా.

ఒప్పుకోని మనిషి విదురుడు. నిద్రపట్టని ఆ రాత్రి ధృతరాష్ట్రుడు పిలిపిస్తే వచ్చి తెల్లవార్లూ చెప్పాడు కదా, దాన్నే మనం విదురనీతి అంటాం. నేను దాన్ని ఎన్నోసార్లు చదివాను గానీ ఒక విషయం చాలా ఆలస్యంగా గమనించాను. అంతసేపు చెప్పిన విదురుడు ఒక్కసారి కూడా, పాపం నీకు కళ్ళు లేవు కాబట్టి నీ ధర్మం కొంచెం తక్కువలే అనడు. చూపున్న రాజుకి ఎంత ధర్మం ఉంటుందో అంతా ఆయన ముందు పెడతాడు. పాండవుల భాగం పాండవులకి ఇచ్చెయ్ అంటాడు. నువ్వు చేయగలవు, చేయట్లేదు అని మొహం మీద చెప్తాడు. ఆ రాజమందిరంలో ధృతరాష్ట్రుణ్ణి పూర్తి మనిషిగా చూసింది విదురుడే అని నాకు అనిపించింది. రాయని పేజీకి మార్కులు వేయని మనిషి.

ఇది నాకు తట్టింది పుస్తకంలో కాదు, ఆఫీసులో. హైదరాబాద్‌లో నేను పనిచేసే టీమ్‌లో రాత్రి పూట సిస్టమ్ ఆగిపోతే లేచి సరిచేసే ఆన్‌కాల్ డ్యూటీ అందరికీ వంతులవారీగా ఉంటుంది. నాకు మాత్రం ఏడాదిన్నర ఇవ్వలేదు. "నీకెందుకు స్ట్రెయిన్" అనేవారు మేనేజర్. అడిగి అడిగి వేయించుకున్నాను. మూడో వారంలో రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. కంగారులో ఒక సెట్టింగ్ చేత్తో టైప్ చేశాను. 8 ఉన్నచోట 3 కొట్టాను. పది నిమిషాల్లో సరయ్యేది నలభై నిమిషాలు పట్టింది. తప్పు నాదే.

పొద్దున్న మీటింగ్‌లో తిట్లకి సిద్ధపడి కూర్చున్నా. మేనేజర్ మెల్లగా, "ఇట్స్ ఓకే, నీ తప్పు కాదు, అసలు నీకు ఇవ్వకుండా ఉండాల్సింది" అన్నారు. రోస్టర్ నుంచి పేరు తీసేశారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. వేరేవాళ్ళు అదే తప్పు చేస్తే గంటసేపు పీకుతారు. నేను మెట్ల దగ్గరికెళ్ళి బాపుకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన విని, "మరి ఒక్కసారి సరిజూసుకోవద్దారా, గంత తొందరేంది" అని గట్టిగా అరిచాడు. నమ్మండి, ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే జరిగినదాని మీద రిపోర్టు నేనే రాశాను. కారణం: విలువని కాపీ చేయకుండా చేత్తో కొట్టడం, ఇంకొకసారి చూసుకోకపోవడం. అలా చేసే వీలు సిస్టమ్ ఎవరికైనా ఇస్తోంది కాబట్టి, తప్పు విలువని ఆపేసే ఒక చిన్న స్క్రిప్టు కూడా రాసి జతచేశాను. చివర్లో, నన్ను మళ్ళీ రోస్టర్‌లో వేయమని రాశాను. రెండు నెలలు పట్టింది. మేనేజర్ మనస్ఫూర్తిగా వేశారని చెప్పలేను. వేశారు. మొన్న డాక్యుమెంట్ అప్‌డేట్ చేయడం మర్చిపోతే మా లీడ్ అందరి ముందే కడిగేసింది. మిగతావాళ్ళతో సమానంగా.

అమ్మ మాత్రం ఇప్పటికీ ఎండలో బయటికి వెళ్తుంటే గొడుగు పట్టుకుని వెంటపడుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళవాణ్ణి అంటే వినదు. అది జాలి అనుకుందామా అంటే, జాకెట్లు కుట్టేటప్పుడు కింద పడిన గుండుసూదులన్నీ ఏరే పని చిన్నప్పటి నుంచీ నాదే. కనిపించవే అంటే ఒక అయస్కాంతం కొనిచ్చింది తప్ప ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు.

పోయిన శనివారం కాజీపేటలో దిగి ఇంటికెళ్ళేసరికి మిషన్ ముందు కూర్చుని ఉంది. ఆమెకి ఇప్పుడు శుక్లాలు వస్తున్నాయి. సూదిలోకి దారం ఎక్కట్లేదు. "గిది ఎక్కియ్యిరా" అని నా చేతికిచ్చింది. నేను కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నా. ఫోన్‌లో జూమ్ చేసి చూశా. నల్లదారం కింద తెల్లగుడ్డ పరిచి చూశా. పావుగంట తిప్పలుపడ్డా ఎక్కలేదు. అమ్మ తీసుకుని ప్రయత్నించింది, ఆమెకీ ఎక్కలేదు. ఇద్దరం నవ్వుకుంటుంటే బాపు లోపల్నుంచి వచ్చి, "మొన్ననే చెప్పిన, సూదికి దారం ఎక్కిచ్చేది ఇరవై రూపాయలకు చౌరస్తాల దొరుకుతది, తేవాలె అని ఇద్దరికీ తోచదు" అని మొదలుపెట్టాడు.

వచ్చే వారం నుంచి విదురనీతి, ఆరు భాగాలుగా. మొదటి భాగంలోనే ఆ రాత్రి సన్నివేశం ఉంటుంది. అందులో ధృతరాష్ట్రుడి గొంతు నేనే చెప్పాను. ఎలా ఉందో విని చెప్పండి, మొహమాటపడకుండా.

జై శ్రీమన్నారాయణ.